సమ్మతియే దీక్ష

లింగధారణము ఒకరి బదులు మరొకరు చేయదగిన కార్యము కాదు. తండ్రి ధరించిన లింగము తండ్రిదే. కుమారుడు గురువు నెదుట కూర్చుండి తన యరచేత స్వీకరించిననాడే అది కుమారునిది యగును. శిశువునకు పుట్టినపుడే లింగమును కట్టు ఆచారము కలదు. ఆ శిశువు దానిని కోరలేదు, కాదనలేదు. అయినను ఎదిగిన పిమ్మట దీక్షను స్వయముగా గైకొనవలెనని పెద్దలు విధించిరి. కట్టుట పెద్దల ప్రేమ. గైకొనుట బిడ్డ యొక్క సమ్మతి. ఈ రెండింటిలో రెండవది లేనిచో మొదటిది మెడలోని బరువుగా మిగులునే గాని దీక్ష కానేరదు.

ఇదే విచారణను భక్తుడు దేశధర్మమునకును అన్వయించి చూడవలసి యున్నది. 1949 నవంబరు 26వ తేదీన భారత రాజ్యాంగము ఆమోదింపబడెను. 1950 జనవరి 26వ తేదీన సంపూర్ణముగా అమలులోనికి వచ్చెను. 2015 నుండి నవంబరు 26వ తేదీ రాజ్యాంగ దినముగా పాటింపబడుచున్నది. ఆనాడు పాఠశాలలలో పీఠిక చదువుదురు, కచ్చేరీలలో ప్రమాణము చేయుదురు. దేశప్రజలు ఈ శాసనమును తమకు తామే ఇచ్చుకొనిరని పీఠిక చెప్పుచున్నది. ములుగు సీమలోని భక్తుడు ఆ మాట విని ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆనాడు ఈ సీమ పక్షమున ఆ సమ్మతి నిచ్చినవారెవరు?

లోకమున రాజ్యాంగములు పలు విధములుగ ఆమోదము పొందినవి. అమెరికా దేశమున 1787లో ఫిలడెల్ఫియా సభ వ్రాసిన రాజ్యాంగము, 13 రాష్ట్రములలో 9 రాష్ట్రముల ప్రత్యేక సభలు ఒప్పుకొన్న పిమ్మటనే చెల్లవలెనని నియమము. ఐర్లండు దేశమున 1937లో ప్రజలే ఓటు వేసి తమ రాజ్యాంగమును అంగీకరించిరి. దక్షిణాఫ్రికాలో 1996లో సభ ఆమోదించిన పాఠమును రాజ్యాంగ న్యాయస్థానము ఒకమారు తిప్పి పంపి, సవరింపజేసి, పిదప ధ్రువపరచెను. భారతదేశమున ఇట్టి మలి ఆమోదము ఏదియు జరుగలేదు. రాజ్యాంగ సభ ఒప్పుటయే దేశము ఒప్పుట. ఆ సభ సభ్యులైనను వయోజనులందరి ఓటుతో ఎన్నికైనవారు కారు. పరిమితమైన ఓటుహక్కుతో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు వారిని ఎన్నుకొనెను. సంస్థానములకు వేరుగా స్థానములు కేటాయింపబడెను.

సభ చేసిన శ్రమ సామాన్యమైనది కాదు. 1946 డిసెంబరు 9వ తేదీన అది తొలిసారి సమావేశమయ్యెను. బాబూ రాజేంద్ర ప్రసాదు అధ్యక్షులైరి. బి. ఎన్. రావు సిద్ధపరచిన మొదటి పాఠమున 243 అధికరణములు, 13 షెడ్యూళ్లు ఉండెను. 1947 ఆగస్టు 29న డాక్టరు అంబేద్కరు నాయకత్వమున ఏర్పడిన ముసాయిదా సంఘము దానిని 315 అధికరణములు, 8 షెడ్యూళ్లుగా తీర్చి, 1948 ఫిబ్రవరిలో సమర్పించెను. ఎనిమిది మాసములు ఆ ముసాయిదా ప్రజల యెదుట నుండెను. పిదప సభలో ఒక్కొక్క అధికరణమునే చేతబట్టి చర్చించిరి. వచ్చిన సవరణలు 7,635. సభలో నిజముగా ప్రతిపాదింపబడినవి 2,473. కూర్చుండిన దినములు 165. అందు ముసాయిదా చర్చకే 114 దినములు. తుదకు 395 అధికరణములు, 8 షెడ్యూళ్లతో గ్రంథము ముగిసెను. తెలుగువారి గొంతు ఆ సభలో వినబడకపోలేదు. ముసాయిదా సంఘమున అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, ఎన్. మాధవరావు ఉండిరి. మద్రాసు రాష్ట్రము నుండి టంగుటూరి ప్రకాశము, ఎన్. జి. రంగా, పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి మున్నగువారు పాల్గొనిరి. బొంబాయి నుండి ఎస్. నిజలింగప్ప ఉండెను.

కాని ములుగు మద్రాసు రాష్ట్రమున లేదు. నిజాము సంస్థానమున ఉండెను. కోటిన్నరకు పైబడిన జనులు గల ఆ సంస్థానమునకు సభలో 16 స్థానములు కేటాయించిరి. ఆ 16 స్థానములును కడదాక శూన్యముగానే యుండెను. 1947లో నిజాము దేశమున చేరుటకు ఒప్పుకొనలేదు. నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక మాత్రము జరిగెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి ఆ పాలనను తుదముట్టించెను. దిల్లీలో ప్రాథమిక హక్కులను గూర్చి వాదములు సాగుచున్న మాసములలో ఓరుగల్లు, నల్లగొండ పల్లెలలో దొరల గడీల మీద తిరుగుబాటు, దానిపై సైన్యపు దాడులు సాగుచుండెను. బసవేశ్వరుడు శరణులను కూర్చిన కల్యాణము సైతము ఆనాడు ఈ సంస్థానములోనిదే. బీదరు జిల్లాలోని ఆ పట్టణము 1956 వరకు హైదరాబాదు రాజ్యముననే యుండెను. అనుభవ మంటపము వెలసినదని సంప్రదాయము కొనియాడు నేలకే రాజ్యాంగ సభలో ఒక్క ఆసనము లేకపోయెను.

అట్లయిన ఇచటి ఆమోద మెట్లు జరిగెను? 1949 నవంబరులో, సభ తుది ఆమోదమునకు కొద్ది దినముల ముందు, నిజాము ఒక ఫర్మానా వెలువరించెను. భారత రాజ్యాంగమే హైదరాబాదు రాజ్యమునకును రాజ్యాంగమగునని అందు ప్రకటించెను. ఒక్కని మాటతో కోట్ల జనులు ఒప్పుకొన్నట్లయ్యెను. 1950 జనవరి 24వ తేదీన 284 మంది సభ్యులు రాజ్యాంగ ప్రతులపై చేవ్రాలు చేసిరి. వారిలో హైదరాబాదు ప్రతినిధి యొక్కడును లేడు. అనగా ములుగు సీమకు రాజ్యాంగము, శిశువునకు కట్టిన లింగము వలె, కోరకమునుపే మెడలో పడెను. కట్టినది మేలైన వస్తువే. కాని దీక్ష మిగిలిపోయెను.

ఆ కట్టిన వస్తువులో ఏమున్నదో భక్తుడు విప్పి చూడవలెను. 1948 నవంబరు 29న సభ ఒక అధికరణమును ఆమోదించెను. నేడది 17వ అధికరణము. అస్పృశ్యత రద్దు చేయబడినదనియు, ఏ రూపమున దానిని పాటించినను నేరమనియు దాని సారాంశము. తరువాత కొద్ది దినములకే, డిసెంబరు 3న, వెట్టిని, మనుష్యుల క్రయవిక్రయములను నిషేధించు అధికరణము చర్చకు వచ్చెను. నేడది 23వది. ఈ మాటలు దిల్లీలో పలుకబడుచున్ననాడు తెలంగాణపు పల్లెలలో వెట్టి యొక గ్రంథములోని పదము కాదు. చాకలి, కుమ్మరి, మాదిగ, మంగలి మొదలగువారు కూలి లేక దేశముఖుల ఇండ్ల, అధికారుల మకాముల కడ పనిచేయుట నిత్యకృత్యము.

బసవేశ్వరుడు కాయకమును కైలాసముతో సమానముగ నెంచెను. ఆ బోధను కొందరు తప్పుగా గ్రహించి, ఏ పనియైనను నోరు మెదపక చేయుటయే కాయకమని చెప్పుదురు. అది కాయకము కాదు. కాయకము మనస్సు ఒప్పి చేయునది, సత్యశుద్ధమైన ప్రతిఫలము గలది, దాసోహమునకు దారితీయునది. వెట్టిలో పనియున్నది, మనస్సు లేదు. చెమటయున్నది, ఫలము లేదు. దాసోహము చేయుటకు వెట్టివాని చేత మిగులునదేమి? వెట్టి చేయించుకొనినవాడు తన లింగమునకు ఎన్ని బిల్వపత్రములు అర్పించినను, అవి పరుల చెమటతో తడిసినవే. కావున 23వ అధికరణము న్యాయస్థానమునకు మాత్రమే చెందిన వాక్యము కాదు. కాయకమునకు అది కట్టిన కంచె. ములుగు తాలూకాలోని పాలంపేట గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేసెను. జనులు దానిని రామప్ప గుడి యందురు. రామప్ప యనునది శిల్పి పేరని జనశ్రుతి. కట్టించిన దొర పేరు శాసనమున నిలిచెను, చెక్కిన చేతి పేరు ప్రజల నోట నిలిచెను. శ్రమకు జనులిచ్చిన గౌరవ మిట్టిది.

ఈ సీమయందే అడవిని నమ్ముకొని బ్రతుకు కోయలు కలరు. మేడారమున సమ్మక్క సారలమ్మలను రెండేండ్లకొకమారు కొలుచు జాతర వారిది. రాజ్యాంగ సభలో వీరి పక్షమున మాటాడినవాడు దూరపు ఛోటానాగపురమునకు చెందిన జైపాల్ సింగు. ఆదివాసులకు ప్రజాస్వామ్యమును ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదని, వారి నుండియే దానిని నేర్చుకొనవలెనని ఆయన 1946 డిసెంబరులోనే సభకు స్పష్టము చేసెను. సభ కుదిర్చిన అయిదవ షెడ్యూలు ననుసరించి 1950 డిసెంబరులో రాష్ట్రపతి వెలువరించిన యుత్తరువున ములుగు తాలూకా గ్రామములును చేరెను. తరువాత 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను, దానిని కఠినపరచిన 1970 నాటి 1వ నిబంధనను ఆ షెడ్యూలు యిచ్చిన అధికారముతోనే చేసిరి. షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరులు భూమిని కొనరాదని దాని తాత్పర్యము. గిరిజనుని పేర కాగితము వ్రాయించి, తాను పంట ననుభవించువాడు చట్టమును దాటెననుకొనవచ్చును. కాని లింగము సాక్షిగా చేసిన అపరిగ్రహ వ్రతమును ఏ కాగితమున దాటగలడు? పరధనము నంటరాదని బసవేశ్వరుడు చెప్పినపుడు, కోయవాని చెలక పరధనము కాదని మినహాయింపు ఇయ్యలేదు.

ఇంతకు మించి భక్తలోకము ఆలోచింపవలసిన ఘట్టము మరియొకటి కలదు. 1949 అక్టోబరు 17వ తేదీన సభ పీఠికను చర్చించెను. దానిని ఈశ్వరుని నామముతో ఆరంభింపవలెనని హెచ్. వి. కామతు సవరణ ప్రతిపాదించెను. ఈ దేశమున అంతకంటె సహజమైన కోరిక యేమున్నది? అయినను ఆస్తికులే పలువురు అభ్యంతరము చెప్పిరి. భగవద్విషయమున నిర్బంధము తగదని పట్టం థాను పిళ్లై వాదించెను. విశ్వాసమునకు, ఉపాసనకు స్వేచ్ఛ నొసగు పీఠికకే అది విరుద్ధమని హృదయనాథ కుంజ్రూ చెప్పెను. భగవంతునిపై ఓటు వేయవలసిన యిరకాటమున సభను పెట్టవలదని పూర్ణిమా బెనర్జీ వేడుకొనెను. కామతు వెనుదీయలేదు. చేతులెత్తగా అనుకూలురు 41, ప్రతికూలురు 68. సవరణ వీగిపోయెను.

దేవుడు ఓడిపోయెనని ఆనాడు కొందరు బాధపడియుండవచ్చును. వీరశైవుడు అట్లు తలపనక్కరలేదు. ఇష్టలింగ తత్త్వమేమి చెప్పుచున్నది? శివుడు రాజముద్రలో లేడు, కోట గోడపై లేడు. ఒక్కొక్క భక్తుని అరచేత నున్నాడు. రాజు ఆజ్ఞచే శివుని నందరి మెడలో కట్టవచ్చుననిన, దీక్ష యేల, గురువేల? అదే రాజ్యాంగము పదవి స్వీకరించువానికి రెండు దారులు చూపెను: భగవంతుని పేర ప్రమాణము చేయవచ్చును, లేదా అంతఃకరణ సాక్షిగా నిశ్చయము తెలుపవచ్చును. ఏది గైకొనవలెనో వాని సమ్మతి. శివనామమును 68 చేతులు తీసివేయలేవు. 41 చేతులు నిలుపలేవు. నిలుపవలసినది భక్తుని నడత యొక్కటే.

ఓడినవానిని సభ ఎట్లు చూచెనో అదియును గమనింపదగినది. నవంబరు 25న డాక్టరు అంబేద్కరు తుది ఉపన్యాసమున, అందరును పక్ష నియమమునకు తలయొగ్గియున్నచో చర్చలు నిస్సారమై యుండెడివని చెప్పి, ఎదురాడినవారిని పేరుపేరున స్మరించి కృతజ్ఞత తెలిపెను. ఆ పేర్లలో కామతు పేరు కలదు. కల్యాణపు అనుభవ మంటపమున శూన్య సింహాసనముపై కూర్చుండిన అల్లమప్రభువు, వచ్చిన అక్కమహాదేవిని కఠినముగ ప్రశ్నించెననియు, ఆమె ప్రత్యుత్తరములకు శరణులందరును మ్రొక్కిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ప్రశ్న ద్రోహము కాదు. ప్రశ్నకు నిలిచినదే అనుభవము. నేటి గ్రామసభలో ఒక స్త్రీ లేచి లెక్కయడిగిన నెంతమంది పెద్దలు ముఖము చిట్లించుకొందురో, వారందరును అల్లముని ఆసనమును మరచినవారే.

ఆ ఉపన్యాసముననే భక్తిని గూర్చియు ఒక హెచ్చరిక కలదు. మతమున భక్తి ముక్తికి మార్గము కావచ్చును గాని, రాజకీయమున వ్యక్తిపూజ పతనమునకు, నిరంకుశత్వమునకు దారి యని అంబేద్కరు చెప్పెను. భక్తి యను మాట ప్రాణమైనవారు దీనిని విని నొచ్చుకొనవలసిన పనిలేదు. శివునకు తప్ప అన్యులకు తలవంపనని ప్రతినపట్టినవాడు వీరశైవుడు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున తెలుగువారికి వినిపించిన భక్తుల కథలు ఈ నిష్ఠను చాటునవే. ఆ నిష్ఠగలవాడు ఒక నాయకుని చిత్రపటమునకు పాలాభిషేకము చేయడు. ఎన్నికలలో నోటు పుచ్చుకొని మ్రొక్కడు. ఏకదేవనిష్ఠయు పౌరధర్మమును ఇచట ఒక్క మాటనే చెప్పుచున్నవి.

చర్చచే శాసనము మారునా యని సందేహించువారికి ఒక దృష్టాంతము చాలును. 1948 ముసాయిదాలో గ్రామ పంచాయతీల ఊసే లేదు. పల్లెను మరచితిరని పలువురు సభ్యులు ఆక్షేపించిరి. వారిలో రంగా యొకడు. నవంబరు 22న కె. సంతానము క్రొత్త అధికరణమును ప్రతిపాదించెను, అంబేద్కరు దానిని అంగీకరించెను, ప్రకాశము స్వాగతించెను. నేడది 40వ అధికరణము. కాని అది ఆదేశము మాత్రమే. దానికి బలము వచ్చుటకు 1992 నాటి 73వ సవరణ కావలసివచ్చెను. 1993 ఏప్రిలు 24న అది అమలులోనికి వచ్చెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు పంచాయతీలలో స్థానములు అప్పుడే ఖాయమయ్యెను. సంతానము నాటిన విత్తు మొలచుటకు నలుబదినాలుగేండ్లు పట్టెను.

ఇక ములుగు సీమ ఎన్నడు దీక్ష గైకొనెను? తొలిమారు 1951-52 సాధారణ ఎన్నికలలో. పన్ను కట్టువాడు, కట్టనివాడు, చదివినవాడు, చదువనివాడు, పురుషుడు, స్త్రీ యను భేదము లేక, ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి వ్యక్తికిని ఒక్కొక్క ఓటు. నిన్నటి దాక వెట్టి చేసినవాడును, చేయించుకొన్నవాడును ఒకే వరుసలో నిలిచిరి. ఫర్మానా పలికిన సమ్మతి అచట మొదటిసారి జనుల సమ్మతి అయ్యెను. కాని దీక్ష ఒక్కనాటితో ముగియునది కాదు. రాజ్యాంగమునకు నూరు దాటిన సవరణలు జరిగినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు స్వయముగ జిల్లా కేంద్రమయ్యెను. 2021లో రామప్ప గుడి ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. కచ్చేరి దగ్గరకు వచ్చెను, కీర్తి దూరమునకు పోయెను. మనస్సు మారెనా యనునదే ప్రశ్న.

అంబేద్కరు ఆనాడే చెప్పెను: 1950 జనవరి 26 నుండి రాజకీయమున సమానత్వము, సంఘమున, సంపదయందు అసమానత్వము గల వైరుధ్యములోనికి దేశము ప్రవేశించుచున్నదని. ఆ వైరుధ్యము వీరశైవుని ఇంటిలో లేదా? హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెనిచ్చి వివాహము జరిపినందులకు కల్యాణమున శరణులు ప్రాణములర్పించిరని సమాజము నేటికిని గర్వముతో చెప్పుకొనుచున్నది. అదే సమాజమున నేడు లింగధారియైన వరుడు లింగధారియైన వధువు కులశాఖను విచారించిన పిదపనే జాతకము నడుగును. సమగారవానిని శరణుడని పురాణమున మ్రొక్కి, వాని వంశజుని వాకిట నిలుపుటయు కలదు. 17వ అధికరణమును అమలుపరచుటకు పోలీసు ఠాణా ములుగులో కలదు; గడప లోపలికి ఠాణా రాలేదు. అచట ఆమోదింపవలసినవాడు గృహస్థుడే. అచట ఏ ఫర్మానాయు చెల్లదు.

వీరశైవుడు ప్రాతఃకాలమున ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి పూజించును. ఓటు వేయునాడు సిరా చుక్క పెట్టునదియు ఎడమచేతి చూపుడు వేలికే. ఆ చేయి రెండు దీక్షలను మోయుచున్నది. లింగమును మోయు చేయి లంచము నందుకొనరాదు. చుక్క పడిన చేయి సాటివానిని గడపవద్ద ఆపరాదు. చుక్క కొన్నాళ్లకు చెరిగిపోవును. ప్రతి ఉదయము లింగపూజను తిరిగి చేయునట్లే, సాటి మనుష్యుని సమానునిగా నెంచుదునను సమ్మతిని భక్తుడు ప్రతి ఉదయము తిరిగి ఇచ్చుకొనవలసి యున్నది.